గొడుగు మొక్క ఆకు మడిచింది

ఒకప్పుడు, చెట్లు కూడా చుట్టపుచూపుగా ఊళ్లు తిరిగే కాలంలో, గొడుగు మొక్క ఆకు ఇప్పట్లా ఉండేది కాదు. చీలికలూ పాయలూ ఏమీ లేవు. ప్రతి ఆకూ అచ్చం గొడుగే. గుండ్రంగా, ఒకటే ముక్క. ముందే చెప్తున్నా, మధ్యలో "చెట్లకి కాళ్లెలా వచ్చాయి" అని ఎవరైనా అడిగితే కథ ఆపేస్తాను. ఉండేవి, అంతే.

ఆ మొక్క ఉండేది వానల అడవిలో. అక్కడి వానకి వేరే పనీపాటా లేదు. పొద్దున మొదలెడితే సాయంత్రం దాకా కురుస్తూ, కురుస్తూనే కబుర్లు చెబుతూ ఉండేది. కప్పలూ చీమలూ ఉడతలూ అన్నీ వచ్చి గొడుగు మొక్క కింద దూరేవి. వాటికేం, హాయిగా పొడిగా ఉండేవి. తడిసేది గొడుగే కదా.

"కాస్త ఆగవమ్మా, నా వేర్లు నానిపోతున్నాయి" అంది మొక్క ఒకరోజు.

"నీకేం, గొడుగుందిగా" అని వాన ఇంకాస్త గట్టిగా కురిసింది.

మొక్కకి ఒళ్లు మండింది. ఎక్కడైనా పొడిగా ఉండే చోటు చూసుకుంటానని బయల్దేరింది. కింద పడుకున్న కప్ప ఉలిక్కిపడి లేచి, "మరి మా గతేంటి?" అంది. "తామరాకు కప్పుకో" అనేసి మొక్క వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

వెళ్లి వెళ్లి ఓ పెంకుటింటి ముందు ఆగింది. తొంగి చూస్తే లోపల నేల పొడిగా ఉంది. కిటికీలోంచి మెత్తటి వెలుతురు పడుతోంది. దానికి ప్రాణం లేచొచ్చింది.

ఆ ఇల్లు పేరమ్మగారిది. ఆవిడ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆవిడింటికి చుట్టాలు నడిచి రావడమే గానీ, నడిచి వెళ్లడం ఎవరూ చూడలేదు. అలా తినిపించేది. ఎవరైనా "చాలు" అన్నారంటే మొహమాటపడుతున్నారనే ఆవిడ లెక్క.

"రా నాయనా, రా. ఎంత దూరం నించి వచ్చావో, వేర్లన్నీ బురదే" అని మొక్కని లోపలికి తీసుకెళ్లింది. మట్టికుండీలో కూర్చోబెడితే నలుగురూ ఏమనుకుంటారని, పెళ్లిళ్లకి తీసే ఇత్తడి గంగాళం అటక మీంచి దింపించింది. దాన్నిండా మట్టి పోసి అందులో కూర్చోబెట్టింది. చుట్టానికి మర్యాద చెయ్యాలి కదా. మరి గంగాళానికి అడుగున చిల్లుంటుందా? ఉండదు. అక్కడే వచ్చింది తంటా.

ఇంటికొచ్చిన చుట్టానికి ముందు ఏమిస్తాం? మంచినీళ్లు. ఓ చెంబెడు పోసింది. మొక్క గుటగుటా తాగి, "చల్లగా ఉన్నాయండీ" అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెంటనే ఇంకో చెంబు. కాఫీల వేళకి ఇంకోటి. వంట చేస్తూ ఒకటి, అటుగా వెళ్తూ ఒకటి, ఏమీ తోచక ఒకటి.

"చాలండి పేరమ్మగారూ, నిజంగా చాలు."

"మన ఇంట్లో మొహమాటం ఏంటి నాయనా" అని ఆవిడ మళ్లీ చెంబు వంచింది.

మొక్క తన గొడుగొకటి వంచి గంగాళం మీద మూతలా పట్టుకుంది. పేరమ్మగారు దాని అంచు సుతారంగా పైకెత్తి, కింద నించి పోసింది.

ఇలా కాదని మొక్క, పంక్తిలో మనం పెట్టినట్టు, చెయ్యి అడ్డం పెడదామనుకుంది. పాపం దానికి చెయ్యేది? గుండ్రటి ఆకులనే పరపరా చీల్చుకుని, వేళ్లు చేసుకుని అడ్డం పెట్టింది. పేరమ్మగారు వేళ్ల సందుల్లోంచి పోసింది. ఎన్ని పంక్తులు వడ్డించిన చెయ్యో అది, చుక్క కూడా బయట పడలేదు. ఆ సందులు మూద్దామని మొక్క ఆకుని చీల్చి ఇంకో వేలు చేసుకుంది. ఆ తర్వాత ఇంకోటి. వేళ్లు పెరిగేకొద్దీ సందులూ పెరిగాయి. అంత తెలివిగల మొక్క మరి, ఏం చేస్తాం.

గంగాళంలో మట్టి మూలగడం మొదలెట్టింది. "నాకు ఊపిరాడట్లేదు. నేను మట్టినా, పాయసాన్నా?" అంది. వేర్లు మెత్తబడి వాసనేస్తున్నాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే తాగితే కుళ్లి చచ్చిపోతానని మొక్కకి తెలిసిపోయింది. వాన బాధ పడలేక ఇంత దూరం వస్తే, ఇక్కడ చెంబు చేతిలో చావొచ్చిందే అని దానికి భయమేసింది, దుఃఖం కూడా వచ్చింది.

కిటికీ గట్టు మీద పిల్లి ఒకటి ఇదంతా చూస్తోంది. పిల్లికి మొహమాటం ఉండదు. అందుకే ఆ ఇంట్లో సన్నగా ఉన్నది అదొక్కటే.

"ఓయ్, ఈవిడకి మాటలు చెప్పి లాభం లేదు. మా వీర్రాజుగారు ఇన్నేళ్లు ఎలా బతికారో చూసి నేర్చుకో" అంది పిల్లి.

వీర్రాజుగారంటే పేరమ్మగారి భర్త. ఆయన అప్పుడే అరిటాకు ముందు కూర్చుని పప్పన్నం తిన్నారు. "చాలే" అన్నారు. వంకాయకూర పడింది. "ఇంక వద్దే" అన్నారు. పులుసు పడింది. ఆయన ఇక నోరెత్తకుండా ఆకు మడిచేశారు.

అంతే, పేరమ్మగారి గరిటె గాల్లో ఆగిపోయింది. మడిచిన ఆకులో వడ్డించడమన్నది లోకంలో ఎక్కడా లేదు. "మజ్జిగన్నా పోసుకోలేదు" అని గొణుక్కుంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మొక్క ఆ ఆకుని కళ్లప్పగించి చూసింది. పప్పు అంటుకుని అది పసుపుపచ్చగా ఉంది. ఓహో, ముందు ఆకు పసుపురంగు తిరగాలన్నమాట, ఆ తర్వాత మడవాలన్నమాట, అనుకుంది. అడవిలో పుట్టిన మొక్క, పప్పు సంగతి దానికేం తెలుసు?

మర్నాడు పేరమ్మగారు చెంబుతో రాగానే, మొక్క ఊపిరి బిగబట్టి బలమంతా పెట్టి ఒక ఆకుని పసుపుపచ్చగా చేసుకుంది. దాన్ని మడిచింది. తుంచి ఆవిడ కాళ్ల దగ్గర పడేసింది. నొప్పేసింది, అయినా పడేసింది.

చెంబు ఆగింది. పేరమ్మగారు ఆ ఆకు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఏమండీ, చుట్టం ఆకు మడిచేసిందండీ. మన ఇంటి నీళ్లు నచ్చలేదేమో."

"నీళ్లు అమృతమేనండీ" అంది మొక్క. "నా పొట్టే చిన్నది. ఇంకో చెంబు పోస్తే నేను చచ్చిపోతాను."

పేరమ్మగారికి గుండె ఆగినంత పనైంది. అది ఇన్నాళ్లూ చాలంటూనే ఉంది, ఆవిడే వినిపించుకోలేదు. బొటబొటా ఏడ్చేసింది. "అటు తిరిగి ఏడువు, అవి కూడా గంగాళంలోనే పడుతున్నాయి" అన్నారు వీర్రాజుగారు.

ఇద్దరూ కలిసి మొక్కని పైకి తీశారు. కుళ్లిన వేర్లు కత్తిరించి, అడుగున చిల్లున్న మట్టికుండీలో పొడిమట్టి వేసి, కిటికీ పక్కన వెలుతురులో కూర్చోబెట్టారు. ఎండ తొంగి చూసి "నేనూ లోపలికి రానా?" అంటే, "నువ్వు పరదా అవతలే ఉండు" అన్నారు.

ఆ తర్వాత పేరమ్మగారు నీళ్లు పోసేముందు మట్టిలో వేలు పెట్టి చూసేది. పొడిగా ఉంటే పోసేది. తడిగా ఉంటే చెంబు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి తీసుకెళ్లడానికి మనసొప్పక, ఆ నీళ్లు తనే తాగేసేది. మొక్క నెమ్మదిగా కోలుకుంది. కొత్త చిగుళ్లేసింది. వాటికీ వేళ్లే వచ్చాయి.

అప్పటినుంచే గొడుగు మొక్క ప్రతి ఆకూ అడ్డం పెట్టిన చెయ్యిలా వేళ్లు చాపుకుని ఉంటుంది. నీళ్లెక్కువైతే పసుపుపచ్చ ఆకొకటి రాలుస్తుంది. అది చూసి చెంబు దించితే బతికిపోతుంది. మడిచిన ఆకులో కూడా వడ్డిస్తామంటే మాత్రం, పాపం అది గొడవేం పెట్టుకోదు. ఆకులన్నీ మడిచేసుకుని, మాటైనా చెప్పకుండా లేచి వెళ్లిపోతుంది.