పైడమ్మ అడిగిన నాలుగో ప్రశ్న

అనగా అనగా, కొండలు చెరువులో ముఖం చూసుకునే ఒక రాజ్యం ఉండేది. దాని పేరు నీలగుండం. దాన్ని వసంతకేతు అనే రాజు ఏలేవాడు.

దూరదేశపు నావికుడొకడు ఆ రాజుకు పెద్ద గాజు తొట్టిని కానుకగా ఇచ్చాడు. "ఇందులో చేపలు కలిసిమెలిసి తిరగాలి" అని రాజు ముచ్చటపడి, ఆ పనిని రత్నశెట్టి అనే వర్తకుడికి అప్పగించాడు.

శెట్టి మొదట చెరువులోని అందమైన చేపలన్నిటినీ ఏరి తెచ్చి పోశాడు. మర్నాటికి పొడుగు తోకల చేపలకు తోకలే లేవు! పోనీ అని రెండోసారి జానతో కొలిచి, అన్నీ ఒకే పొడుగువి తెచ్చాడు. వాటిలో జెల్లలూ ఉన్నాయి. ఆ ఇరుకులో జెల్లల ముళ్లు గుచ్చుకుని సగం చేపలు వెల్లకిలా తేలాయి.

రాజుకు కోపం వచ్చింది. "ఈ చెరువు చేపలే జగడాలమారివి. ఇలాంటివి నా రాజ్యంలో ఎవరికీ వద్దు. రేపటినుంచి జాలరులెవరూ ఇందులో వల వేయకూడదు" అన్నాడు.

వల వేయకపోతే జాలరిగూడెంలో పొయ్యి వెలగదు. అందుకే పైడమ్మ అనే జాలరి అవ్వ తడిచీరతోనే సభకు వచ్చి నిలబడింది.

"చేపలకు దుర్బుద్ధి లేదు మహారాజా. ఎంచినవాళ్లకే వాటి గుణం తెలియలేదు. నాకు మూడు నెలల గడువిప్పించండి, కలిసి తిరిగే చేపలతో ఆ తొట్టిని నేను నింపుతాను."

"ఇచ్చాను. తొట్టిలో కొట్లాట జరిగి ఒక్క చేప చచ్చినా, మీ గూడెమంతా చెరువు వదిలిపోవాలి."

"అట్లాగే."

పైడమ్మ తొట్టిలో ఇసుక పరిచింది, నాచు నాటింది, నీళ్లు పోసింది. పదిహేను రోజులదాకా ఒక్క చేపనూ వేయలేదు.

"ఏమే అవ్వా, నీళ్లను పెంచుతున్నావా?" అని శెట్టి వెక్కిరించాడు.

"అవును బాబూ. ఇల్లు కుదురుకోకుండా కాపురం పెట్టిస్తామా?"

తర్వాత ఒక్కో రకం చేపనూ కుండలో ఉంచి మూడేసి రోజులు గమనించింది. ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలడిగేది. "నీ నోరెంత? నీ చోటెక్కడ? నీకు తోడెవరు?" చేప నోటితో చెబుతుందా? నడతతో చెబుతుంది.

అలా చూసి చూసి, పైనీటిలో తిరిగే వెండిచేపలు కొన్నిటిని వేసింది. నడుమ తిరగడానికి పరిగెలను వేసింది. పరిగె ఒంటరిగా ఉంటే బెదిరిపోతుందని పన్నెండింటిని గుంపుగా వదిలింది. అడుగున ఇసుకలో మేత ఏరుకునే బుల్లి చేపలను విడిచింది. ఒకదాని దారికి ఒకటి అడ్డు రాలేదు.

అప్పుడు శెట్టి ఒక కుండ పట్టుకొచ్చాడు. అందులో ఇరవై ఎర్రటి బుల్లి చేపలు నిప్పురవ్వల్లా గుంపుగా తిరుగుతున్నాయి.

"చిన్న నోరు, నడుమ చోటు, బోలెడంత తోడు! నీ మూడు ప్రశ్నల్లోనూ గట్టెక్కాయి గదా అవ్వా?"

అక్కడే ఉన్న రాజు మురిసిపోయాడు. "పోసెయ్యండి!"

పైడమ్మ కుండ మూతిమీద అరచేయి అడ్డంపెట్టింది. "వద్దు మహారాజా. వీటిని నాలుగో ప్రశ్న అడగాలి. రేపు నువ్వెవరు?"

"నా మాటకే అడ్డం వస్తావా?"

"నా తల తీయించండి. చేయి మాత్రం తీయను. ఇవి కొర్రమీను పిల్లలు. పసితనంలోనే ఈ ఎరుపు. పెరిగాక వీటి పక్కన మరో చేప మిగలదు."

రాజు ఆ ముసలిచేతిని చూశాడు. "వీటిని వేరే తొట్టిలో పోయండి. గడువునాడు చూద్దాం" అన్నాడు.

గడువు రానే వచ్చింది. గాజు తొట్టిలో ఒక్క చేప కూడా తగ్గలేదు, ఒక్క రెక్క కూడా చిరగలేదు. రెండో తొట్టి దగ్గరికి వెళ్లి చూస్తే ఇరవైలో మూడే మిగిలాయి! ఎరుపు పోయి నల్లబడ్డాయి, నోళ్లు పెద్దవయ్యాయి. తోబుట్టువులనే తినేశాయి.

శెట్టి తల దించుకున్నాడు. రాజు అప్పటికప్పుడే చెరువు జాలరులదేనని చాటింపు వేయించాడు.

"మరి వీటికేం శిక్ష వేద్దాం?" అని కొర్రమీనులను చూపించాడు.

"వీటి తప్పేముంది మహారాజా? వీటికి కావలసింది చెరువు. మనం చూపించింది తొట్టి" అంటూ పైడమ్మ వాటిని కుండలోకి ఎత్తుకుని చెరువుగట్టుకు నడిచింది.

చూశారా పిల్లలూ, కలిసి బతకవలసినవారిని ఎంచేటప్పుడు ఇవాళ్టి అందాన్ని కాదు, రేపటి గుణాన్ని చూడాలి.