మోకులో ఒక పేట

రాళ్లకుంటలో ఉప్పలయ్య అనే కల్లు గీత పనివాడు ఉండేవాడు. పనిలో అతనంతటివాడు లేడు గానీ, తనకు దక్కనిదాన్ని తలుచుకుని రోజుల తరబడి కుతకుతలాడటం అతని జబ్బు.

ఆ ఊళ్లో గీత పనివాళ్లంతా ఏటా చీట్లు తీసి తాటిచెట్లు పంచుకునేవారు. ఎవరికి ఏ వరస వస్తే ఏడాదంతా ఆ వరసే గీయాలి. వాగు ఒడ్డు చెట్లకు కట్టిన లొట్టి కుండలు కల్లుతో నిండిపోయేవి. గుట్ట కింది చెట్లు బాగా ఎత్తు, కల్లు మాత్రం అంతంతే. ఆ ఏడు ఉప్పలయ్యకూ అతని తమ్ముడు రాజేశానికీ కలిపి గుట్ట కింది వరస వచ్చింది. వాగు ఒడ్డు వరస అదే ఊరి గీత పనివాడు నారాగౌడుకు పోయింది.

ఉప్పలయ్య ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చి, ఎదురైన బుట్టను ఒక్క తన్ను తన్నాడు. "ఈ దరిద్రం నాకే ఎందుకు రావాలె?" అన్నాడు.

"చీటీల ఏమొస్తదో మన చేతుల ఉన్నదా అన్నా? వచ్చిన చెట్లనే మంచిగ గీసుకుందాం," అన్నాడు రాజేశం.

"నీకేం తెల్వది, ఊకో," అని కసిరాడు అన్న.

గీత పనివాడి ప్రాణమంతా మోకులో ఉంటుంది. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే ఆ తాడు మీద బరువు వేసి, అంత ఎత్తున రెండు చేతులతో పని చేస్తాడు. ఇంట్లో ఉన్న రెండు మోకులనూ పొద్దుగూకే వేళ తడిమి చూడటం ఉప్పలయ్య పని. తండ్రి పోతూ అప్పగించిన పని అది. తాడులోని ఒక్కో పేటనూ వేళ్లతో నొక్కి చూసి, అరిగినదాన్ని తీసి కొత్తది అల్లేవాడు. అన్న చూసిన మోకును మళ్లీ చూస్తే అన్నను అనుమానించినట్టని, రాజేశం ఏనాడూ చూసేవాడు కాదు.

ఇప్పుడు మోకు ఉప్పలయ్య చేతుల్లో ఉండేది గానీ చూపు దారి మీద ఉండేది. నారాగౌడు నిండు లొట్లతో పోతుంటే పళ్లు నూరేవాడు. ఒక సాయంత్రం తమ్ముడి మోకులో ఒక పేట పిగిలినట్టు వేలికి తగిలింది. అప్పుడే నారాగౌడు అటుగా పోతూ నవ్వుతూ పలకరించాడు. తనను వెక్కిరించడానికే నవ్వాడనుకున్నాడు ఉప్పలయ్య. మోకును మూలకు విసిరి, అరుగు దిగి తగాదాకు పోయాడు. తిట్టి తిట్టి అలసి వచ్చి పడుకున్నాడు. పేట సంగతి మరిచేపోయాడు.

తెల్లారి రాజేశం మోకు భుజాన వేసుకుంటూ, "అన్నా, మోకు మంచిగున్నదా?" అని అడిగాడు.

ఉప్పలయ్య వాగు వైపు చూస్తున్నాడు. "ఆ, ఉన్నది, పో," అన్నాడు.

అన్నిటికన్నా ఎత్తయిన చెట్టు మీద గెల గీయబోతూ రాజేశం వెనక్కి ఒరిగాడు. మోకు తెగింది. ఉప్పలయ్య పక్క చెట్టు దిగి వచ్చేసరికే తమ్ముడి ప్రాణం పోయింది. అందరికన్నా ముందు పరుగున వచ్చింది నారాగౌడే. శవాన్ని ఇంటిదాకా మోసిందీ అతనే.

ఏ పేట తెగిందో ఉప్పలయ్యకు చూడకుండానే తెలుసు. రాజేశం భార్య లచ్చవ్వ అతన్ని ఒకే మాట అడిగింది. "నువ్వు చూసినవు గద బావా?"



మరుసటి ఏడు వాగు ఒడ్డు వరస అతనికే వచ్చింది. "నీ నసీబు తిరిగిందే ఉప్పలయ్యా," అన్నారెవరో. అతను సంతోషపడలేదు, ఏడవలేదు. "ఏదొచ్చినా గీసేటోన్నే," అన్నాడు. ఆ సాయంత్రం తన మోకుతో పాటు నారాగౌడు మోకునూ అడిగి తెచ్చుకుని, పేట పేటా తడిమి చూశాడు. ఆ నిదానం కిందటేడే ఉంటే రాజేశం బతికి ఉండేవాడు.

మన చేతిలో లేనిదాని కోసం మండిపడుతూ కూర్చుంటే మన చేతిలో ఉన్నది జారిపోతుంది; కనుక వచ్చినదాన్ని నిబ్బరంగా తీసుకుని, మన వంతు పనిని ఏమరకుండా చేయాలి.