చేతికి చెప్పని మాట

మార్తాండరావు కాల్చిన ప్రతి తూటా కిందికే పోతున్నది.

గురిఅట్ట నడుమ ఉన్న నల్లని వలయం చెక్కుచెదరలేదు. దానికి బెత్తెడు దిగువన, తెల్లని భాగంలో, చిల్లులు ఎడంగా పరుచుకుని ఉన్నవి. ఒక్కటీ పైకి లేదు.

"డాక్టరుగోరు ఈవేళ కూడా కింది దవడ మీదే పడ్డారండీ" అన్నాడు పక్క గడిలో నుంచి సన్యాసినాయుడు. అతడు బెల్లం వ్యాపారి. గురి అంతంతమాత్రమే కాని, నోటికి మాత్రం తిరుగులేదు.

అక్కడున్న వారు నవ్వారు. మార్తాండరావు నవ్వలేదు.

విజయనగరంలో ఆయన పళ్ల డాక్టరు. చెయ్యి వణకని డాక్టరని ఊళ్లో పేరు. తలుపు పక్కన బోర్డు మీద చెక్కించుకున్న డిగ్రీల కంటె ఆ పేరంటేనే ఆయనకు మక్కువ. నాలుగేళ్లుగా ఊరి శివారున, గుట్టను తొలిచి కట్టిన షూటింగ్ రేంజికి వస్తున్నాడు. క్లబ్బువారి చిన్న పిస్టలుతో కాల్చినంత కాలం ఆయన అట్టలను చూసి కొత్తవాళ్లు నేర్చుకునేవారు. ఈ రివాల్వరు చేతికి వచ్చిన తరువాతనే ఈ అవస్థ.

అది మామూలు రివాల్వరు కాదు. ఆయన పుట్టక ముందెప్పుడో గురిపందేల కోసమే తయారైనది. పొడుగాటి గొట్టం, ఆ గొట్టం కొన మీద గోరంత పలుచని పలక. వెనుక గాడిలో నుంచి ఆ పలకను చూస్తూ గురి కట్టాలి. నీలినలుపు మెరుగు గొట్టం అంచున అరిగి వెండిలాగా తేలింది. చెక్క పిడి ఎందరి అరచేతులలోనో నలిగి నునుపెక్కింది.

అది వాల్తేరు రైల్వే క్వార్టర్ల దాపున ఉండే పెరీరా దొర సొత్తు. ఆయన ఒకప్పుడు ఇంజను డ్రైవరు. కట్టుడు పళ్ల కోసం మార్తాండరావు దగ్గరకు వచ్చి, కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుని, సైగలతోనే తన రివాల్వరు సంగతి చెప్పిన మనిషి. ఒకసారి చూసి వద్దామని వెళ్లిన డాక్టరు, చూసిన నాటి నుంచి దాని ధ్యాసలోనే పడ్డాడు. అడిగితే దొర ఇవ్వనన్నాడు. మళ్లీ అడిగితే నవ్వాడు. చివరకు ఒకనాడు ఆయనే కబురు పంపి పిలిపించుకున్నాడు.

"నా కళ్లు పోయాయి డాక్టర్. దీని కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. వాటి జోలికి పోకండి" అన్నాడు, గొట్టం కొన మీది పలకను వేలితో తడుముతూ.

ఆ తరువాత లైసెన్సులు, అనుమతులు, కచేరీల చుట్టూ ప్రదక్షిణాలు. అన్నీ ముగిసి రివాల్వరు చేతికి వచ్చిన రోజున మార్తాండరావు క్లబ్బులో అందరికీ పూతరేకులు పంచాడు. రాష్ట్ర పోటీలకు దీనితోనే వెళతానని కూడా అప్పుడే చెప్పాడు. చెప్పకుండా ఉండవలసిందని ఇప్పుడు అనిపిస్తున్నది. జట్టును ఎంపిక చేసేది రేపే.

మొదట ఆయన తూటాలను అనుమానించాడు. వేరే పెట్టె తెప్పించాడు. తరువాత తన కళ్లద్దాలను అనుమానించి కొత్తవి చేయించాడు. ఇక అనుమానించడానికి మిగిలింది ఆ పలక ఒక్కటే. పలక ఎత్తు తగ్గితే తూటా పైకి పోతుంది. అది లెక్క. ఆ లెక్క ప్రకారమే ఈ ఉదయం తన పనిగది నుంచి సన్నని ఆకురాయిని గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు.

అయినా గురి నేర్పిన గురువు లలితాంబ గారికి చెప్పకుండా చేయడానికి మనసొప్పలేదు.

ఆమె గోడవారగా పేము కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటున్నారు. వయసులో ఉండగా ఆమె రాష్ట్రం తరఫున పిస్టలు పోటీలలో నిలిచారు. ఆ ముచ్చట ఆమె నోట ఎవరూ వినలేదు. మొత్తం మీద ఆమె నోట విన్న మాటలే తక్కువ.

"అమ్మా, ఇది కింద కొడుతున్నది. దీనికి గురి చెడింది" అన్నాడు మార్తాండరావు. "ముందున్న పలకను వెంట్రుకవాసి అరగదీస్తే సరిపోతుంది. తమరు సెలవిస్తే ఇప్పుడే చేస్తాను."

"ఎక్కువ అరిగితే?"

"అరగనివ్వనమ్మా. పింగాణీ పన్ను అరగదీసే చెయ్యి ఇది."

"పన్ను పాడైతే ఇంకొకటి కడతావు. దీనికో?"

అటువంటి పలక ఇప్పుడు ఎక్కడా దొరకదని ఆయనకు తెలుసు. అరిగిన ఇనుము తిరిగి పెరగదనీ తెలుసు. ఆ సంగతి తలచుకునే రాత్రి సరిగా నిద్రపోలేదు.

"నీ చెయ్యి సరిగానే ఉన్నదా?" అని ఆమె అడిగారు.

"నా చెయ్యి సంగతి ఊరికంతా తెలుసునమ్మా." మాట కొంచెం కటువుగానే వచ్చింది.

"ఊరిని అడగలేదు బాబూ."

ఆమె లేచారు. నెమ్మదిగా నడిచి ఆయన గడి దగ్గరకు వచ్చి, బల్ల మీద ఉన్న రివాల్వరును చేతిలోకి తీసుకున్నారు. తూటాల చక్రాన్ని పక్కకు తెరిచి, ఖాళీగా ఉన్నదని చూసుకున్నారు. తరువాత తూటాల పెట్టెకు చెయ్యి చాచారు.

మార్తాండరావు విస్తుపోయాడు. ఎవరి ఆయుధాన్ని వారే నింపుకోవాలి, ఇంకొకరు నింపినది ముట్టుకోరాదు అన్నది ఆ ఆవరణలో ఆమె పెట్టిన నియమమే. దాన్ని మీరినందుకు ఒక పోలీసు అధికారిని సైతం ఆమె బయటకు పంపారు.

"అమ్మా, నేను నింపుకుంటాను."

"నా మీద గురి ఉన్నదా నీకు?"

"ఎంత మాట! లేకపోతే వస్తానా అమ్మా?"

"అయితే అటు తిరుగు."

ఆయన గోడ వైపు తిరిగాడు. వెనుక ఇత్తడి చప్పుడు సన్నగా వినిపించింది. చక్రం మూసినప్పుడు టక్కుమన్న శబ్దం వినిపించింది. పక్క గడులలో కాల్పులు ఆగిపోయినవి. సన్యాసినాయుడు తన పిస్టలును బల్ల మీద పెట్టి, చెవుల మీది కప్పులను మెడకు జార్చుకుని, ఇటే చూస్తున్నాడు.

"చెవులు మూసుకో నాయుడూ. ఇక కాల్చు బాబూ" అన్నారు లలితాంబ గారు.

మార్తాండరావు కుడి చెయ్యి చాచాడు. బొటనవేలితో సుత్తిని వెనక్కు లాగాడు. పలక గాడిలో కుదురుకున్నది. ట్రిగ్గరు నొక్కాడు. రివాల్వరు పేలింది. వలయానికి దిగువన కొత్త చిల్లు పడింది.

ఇంకోసారి. అదీ అంతే.

'చూశారా?' అని నోటిదాకా వచ్చిన మాటను దిగమింగుకుని మళ్లీ సుత్తి లాగాడు. ఊపిరి బిగబట్టాడు. నొక్కాడు.

టిక్కుమన్నది. పేలలేదు.

పేలకపోయినా గొట్టం మాత్రం, ఎవరో పై నుంచి మొట్టినట్లు, ఒక్కసారిగా కిందికి వంగింది.

"అమ్మా, డాక్టరుగోరి తుపాకీ పేలకుండానే దండం పెట్టేసిందండీ!" అన్నాడు సన్యాసినాయుడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చుట్టూ చూసి అతడు కూడా నోరు మూసుకున్నాడు.

మార్తాండరావు రివాల్వరును అట్ట వైపే నిలిపి ఉంచాడు. తూటా ఆలస్యంగా పేలవచ్చునన్న జాగ్రత్త నాలుగేళ్ల అలవాటు.

"పేలడానికి అందులో ఏమీ లేదు. అది కాల్చేసిన తూటా డొల్ల" అన్నారు లలితాంబ గారు. "గొట్టం ఎటు పోయింది?"

"కిందికి."

"ఎవరు దించారు?"

ఆయన తన మణికట్టు వైపు చూశాడు. ఆ వంపు కొత్తది కాదు. పై దవడ పన్ను పట్టకారుకు చిక్కి, వేరు కదిలి, ఇక వస్తుందనగా తన మణికట్టు అలాగే కిందికి వంగుతుంది. ఎన్ని వేల సార్లు వంగిందో. ఆ వంపు వల్లనే తనకు పేరు వచ్చింది.

"చిన్న పిస్టలుతో ఇది లేదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"అది పేలితే చేతిని తన్నదు. ఇది తన్నుతుంది. తన్నకముందే నీ చెయ్యి వంగుతున్నది."

గుట్ట మీద మేకలు కాబోలు, రాళ్లు జారిన చప్పుడైంది.

"పన్ను పీకేటప్పుడు, ఇప్పుడు లాగుతున్నానని రోగికి చెబుతావా?" అని ఆమె అడిగారు.

ఈ ప్రశ్న ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అయినా తెలిసిన సంగతి కనుక చప్పున చెప్పాడు.

"చెప్పనమ్మా. చెబితే బిగుసుకుపోతారు. మీది ఏ ఊరు, పిల్లలేం చదువుతున్నారు అని ఏదో అడుగుతాను. వాళ్లు బదులు ఆలోచించుకునే లోపల పని అయిపోతుంది. ఎప్పుడు లాగానో వాళ్లకు..."

మాట సగంలో ఆగింది.

లలితాంబ గారు మిగిలినవి కాల్చమన్నట్లు తల ఆడించారు.

చక్రంలో ఇంకా మూడు గదులు ఉన్నవి. వాటిలో ఎన్నింట తూటా ఉన్నదో, ఎన్నింట డొల్ల ఉన్నదో ఆయనకు తెలియదు. ఆమెను అడగాలని కూడా అనిపించలేదు.

చెయ్యి చాచాడు. ఈసారి నల్లని వలయాన్ని పట్టించుకోలేదు. పలకను మాత్రమే చూశాడు. దాని పై అంచు ఒకచోట సూదిమొనంత అరిగి ఉన్నది. ఇన్నాళ్లుగా చూస్తున్నా అది ఎన్నడూ కంటపడలేదు. ఎప్పుడు అరిగిందో, పెరీరా దొర చేతిలోనా, అంతకు ముందున్న వారి చేతిలోనా అనుకుంటూ, ఆ అనుకోవడంలోనే వేలు బిగిస్తూ పోయాడు. రివాల్వరు పేలినప్పుడు ఉలిక్కిపడ్డాడు.

చిల్లు వలయానికి దిగువనే పడింది. అయితే బెత్తెడు దూరం అంగుళమైంది.

ఆయన అట్ట వైపు ఎక్కువసేపు చూడలేదు. మళ్లీ సుత్తి లాగాడు. మళ్లీ పలక మీద కన్ను నిలిపాడు. మళ్లీ తనకు తెలియకుండానే పేలింది. నల్లని అంచు చిరిగింది.

"అంటుకున్నాదండి, అంటుకున్నాది!" అన్నాడు సన్యాసినాయుడు పట్టలేక.

"నాయుడూ" అన్నారు లలితాంబ గారు.

అతడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఒక్క గది మిగిలింది. మార్తాండరావు చెయ్యి దించి, భుజం సడలించుకుని, తిరిగి ఎత్తి సుత్తి లాగాడు. నుదుటి చెమట కనుబొమ మీద ఆగింది. తుడుచుకోలేదు. రేపటి ఎంపిక ఒక్కసారి మనసులో మెదిలింది. మెదిలిన క్షణాన పలక కూడా కదిలింది. ఆయన ట్రిగ్గరు మీది వేలు తీసి, గొట్టం అట్ట వైపే ఉంచి, చెయ్యి కొంచెం దించాడు. మళ్లీ ఎత్తాడు.

పలక గాడిలో నిలిచింది. వేలు బిగుస్తూ ఉన్నది. ఎప్పుడన్నది ఆయన వేలికి చెప్పలేదు. వేలు ఆయనకు చెప్పలేదు.

టిక్కుమన్నది.

పలక గోడకు దిగగొట్టిన మేకులాగా, ఉన్నచోట ఉన్నట్లే ఉన్నది. సుత్తి పడిన తరువాత కూడా ఆయన చెయ్యి అలాగే చాచి ఉంచాడు. దించవలసిన అవసరం ఉన్నట్లు ఆ చేతికి తోచలేదు.

లలితాంబ గారు తన కుర్చీ వైపు నడవసాగారు.

సన్యాసినాయుడు మెడ సాచి అట్టను ఒకటికి రెండుసార్లు పరికించాడు.

"ఏదమ్మా, ఆఖరిది ఎక్కడా తగల్లేదే?"

ఆమె వెనుదిరగకుండానే అన్నారు:

"ఇవాళ తగిలింది అదొక్కటే నాయుడూ."