పాతరలో దించిన దీపం

వినండి పిల్లలూ, ఇది మీ తాతల తాతలకు కూడా ముందటి సంగతి. ఎర్రమిట్ట అనే ఊళ్లో ఓబులమ్మ అనే ముసలమ్మ ఒంటరిగా ఉండేది. ఊరి చివర గుడిసె, ఒక పొయ్యి, ఒక గొంగళి, అంతే ఆమె సంసారం.

పొద్దున్నే పొయ్యి రాజేసుకోవడానికి పొరుగింట నిప్పు అడిగి తెచ్చుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. పిడక మీద రెండు నిప్పుకణికలు పెట్టించుకుని, నాలుగు మాటలు చెప్పుకుని పోయేవారు. ఓబులమ్మ గడపకు మాత్రం పన్నెండేళ్లుగా ఒక్కరూ రాలేదు. ఎందుకంటారా? చెబుతాను.

అక్కడివాళ్లు జొన్నలను పాతరలో దాచేవారు. బావిలా లోతుగా గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన బండ మూసేవారు. మూసిన పాతరలో గాలి చెడుతుంది. అందుకని బండ తీశాక ముందుగా దీపం దించాలి, ఆరిపోతే మనిషి దిగకూడదు. ఒక కరువు ఏడాది, ఆకలి తొందరలో, ఓబులమ్మ మొగుడు దీపం దించకుండానే ఒక పాత పాతరలో దిగాడు. ప్రాణంతో పైకి రాలేదు, శవాన్ని లాగి బండ మళ్లీ మూసేశారు.

అందులో లంకెబిందెలున్నాయనీ, కాపలా భూతం అతన్ని చంపిందనీ ఊరు చెప్పుకుంది. భూతమూ లేదు, బిందెలూ లేవు, చెడుగాలికి పోయాడు నా మొగుడు అందామె. నిధి లేదన్నందుకు ఊరికి ఎక్కడలేని కోపం వచ్చింది. దాని నోరే అరిష్టమని వెలివేశారు. పాపం, పలకరింపు కోసం మొహం వాచిపోయింది గానీ మాట మాత్రం మార్చలేదు.

పన్నెండేళ్లు గడిచాక ఊరిపెద్ద కంబయ్యకు ఆశ పుట్టి ఆ పాతరే తెరిపించాడు. మొదటిరోజు గంపలో కోడిని దించారు. లాగి చూస్తే చచ్చి ఉంది. రెండోరోజు మేకపోతును దించారు. దానికీ అదే గతి. భూతం ఇంకా శాంతించలేదు, మనిషి దిగి మొక్కాలి అన్నాడు కంబయ్య. తను దిగుతాడా? అబ్బే. కూలివాడు గురప్పకు సగం బిందెలు ఇస్తానని ఆశపెట్టాడు.

మూడోరోజు గురప్ప నడుముకు మోకు కట్టుకుంటుంటే ఓబులమ్మ వచ్చింది. అందరూ దారి ఇచ్చారు, గౌరవంతో కాదు, ఆమె నీడ పడుతుందని. ఆమె అంచుదాకా వచ్చి ఆగింది. ఈ గొయ్యి అంచునే మొగుడి కోసం గొంతు పోయేలా అరిచింది మరి.

"నాయనా గురప్పా, ఒక్క దీపం దించి చూడు. వెలిగితే దిగు, నేను అడ్డం రాను."

కంబయ్య కసిరాడు. గురప్ప పెళ్లాం చెన్నక్క మాత్రం పరుగున పోయి దీపం తెచ్చింది. దించితే సగంలోనే ఆరిపోయింది. భూతం ఊదేసిందన్నారు జనం. ఓబులమ్మ వాళ్లతో వాదం పెట్టుకోలేదు. వేపమండలు మోపు కట్టి, తాడుతో గొయ్యిలోకి వేసి, లోపలి చెడుగాలి కదిలి బయటికి పోయేలా పైకీ కిందికీ లాగసాగింది. చేతులు బొబ్బలెక్కాయి. సాయం పట్టింది చెన్నక్క ఒక్కతే. పొద్దు వాలే వేళకు మళ్లీ దీపం దించారు. ఈసారి అడుగుదాకా వెలుగుతూనే ఉంది.

అప్పుడు దిగాడు గురప్ప. బిందెలు లేవు. నల్లబడిన జొన్నలు, గింజలు కొలిచే మానిక ఒకటి, అంతే. అది తన మొగుడు చేతపట్టుకుని దిగిన మానికేనని ఓబులమ్మ గుర్తుపట్టింది. గుండెలకు హత్తుకుని ఏడ్చింది.

కంబయ్య ఏమన్నాడో తెలుసా? ఈ ముసలిది నమ్మలేదు కాబట్టే బంగారం బొగ్గయిందన్నాడు. చాలామంది తలలూపారు కూడా. ఏం చేస్తాం, కొందరి తీరే అంత. ఓబులమ్మ మానిక పట్టుకుని ఒంటరిగా ఇంటికి పోయింది.

తెల్లవారింది. గడప దగ్గర అలికిడి. చూస్తే చెన్నక్క, చేతిలో పిడక.

"పెద్దమ్మా, రెండు నిప్పులు పెడతావా? ఆయన ఆకలంటున్నాడు."

పన్నెండేళ్లకు ఓబులమ్మ పొయ్యిలో నిప్పు మరో ఇంటికి పోయింది.

అందుకే పిల్లలూ, ఊరంతా చెప్పిన మాటనైనా నమ్మేముందు దీపం దించి చూసుకోవాలి, చూసుకోమన్న మనిషిని ఒంటరిని చెయ్యకూడదు.