గొంతులేని గవరయ్య బడి

అనగా అనగా, మీ ముత్తాతకి ఇంకా పాలపళ్లు రాని రోజుల్లో, కొండ కింద గుమ్మడిపేట అని ఓ ఊరుండేది. ఊరికో బడి. బడికో పంతులు. ఆ పంతులి గొంతు సంగతి ఏం చెప్పమంటారు! ఆయన ఎక్కం ఎత్తుకున్నాడంటే చూరులో పిచ్చుకలు లేచిపోయేవి. వెనకాలే పిల్లలంతా గొంతు చించుకునేవాళ్లు. పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుమెత్తి, "మా గుంటలు ఎంత బాగా సదువుతన్నారో!" అని మురిసిపోయేవాళ్లు.

గుమ్మడిపేట వాళ్లు చదువును చెవులతో కొలిచేవాళ్లు మరి. ఎంత గోల ఉంటే అంత చదువన్న మాట.

ఆ పంతులు ముసలివాడై కూతురింటికి వెళ్లిపోయాడు. ఆయన చోట గవరయ్య వచ్చాడు. బక్క మనిషి. చిన్నప్పుడు జబ్బు చేసి గొంతు పోయింది, గుసగుస తప్ప మాట రాదు. గొంతులేని పంతులు మాకెందుకని ప్రతి ఊరూ పొమ్మంది. గుమ్మడిపేటకి మరో మనిషి దొరక్క, సరే ఉండమంది. ఇక్కణ్ణుంచి కూడా పొమ్మంటే ఆయనకి ఇంకో ఊరు లేదు. పిల్లల్ని వదిలి బతకడం ఆయన వల్ల కాదు.

అరవలేడు కదా, ఏం చేస్తాడు? పిల్లల్ని దగ్గరికి పిలిచి గుసగుసగా చెప్పేవాడు: "ముందు చేత్తో చూడండి. నోటితో తరవాత చెప్పొచ్చు."

ఒకరోజు ఊరిపెద్ద లక్కునాయుడు బడి పక్కన ఆగి చెవి రిక్కించాడు. చప్పుడు లేదు. తొంగి చూస్తే పిల్లలు బంకమట్టిని తాడులా పేని, వంచి, 'అ'లు చేస్తున్నారు. మోచేతుల దాకా మట్టే.

"ఏటి పంతులూ, బడి పడుకుందేటి?"

"లేదు నాయుడుబాబూ. ముందు చేత్తో చూడనీండి. నోటితో తరవాత చెబుతారు."

నాయుడు గొణుక్కుంటూ పోయాడు.

ఇంకోరోజు వచ్చాడు. చప్పుడు లేదు. పిల్లలు గోడకి బల్లుల్లా అతుక్కుని దాన్ని జానలతో కొలుస్తున్నారు. నీ జాన పెద్దదా నా జాన పెద్దదా అని గుసగుసగా కొట్లాట.

"ఏటి పంతులూ, బడి పడుకుందేటి?"

"లేదు బాబూ. ముందు చేత్తో చూడనీండి."

మూడోసారి వచ్చాడు. అప్పుడూ చప్పుడు లేదు. నేలంతా చింతపిక్కలు. నాయుడి సొంత మనవరాలు నూకాలు బోర్లా పడుకుని వాటిని వరసలు పేరుస్తోంది. నాయుడికి ఒళ్లు మండిపోయింది.

"రేపు ఊరంతా వత్తాం. గుంటలు ఎక్కాలు అరిసి ఇనిపించాల. ఇనపడకపోతే మూట సర్దుకో!"

మర్నాడు ఊరంతా వచ్చింది. గవరయ్య మూట కట్టుకునే కూర్చున్నాడు, పాపం. పిల్లలకి కలిసి అరవడం రాదని ఆయనకి తెలుసు.

"ఏడెనిమిదులు ఎంతే?" అన్నాడు నాయుడు.

నూకాలు చింతపిక్కలు పేర్చడం మొదలెట్టింది. నాయుడు పకపకా నవ్వాడు. "ఇది పేర్సేసరికి సంకురాత్రి వత్తాది!"

"నువ్వు సెప్పు తాతా, ఏడెనిమిదులు ఎంత?"

నాయుడు మీసం దువ్వి ఎత్తుకున్నాడు. పాత పంతులి శిష్యుడు కదా, మొదటి నుంచి రావాల్సిందే. "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ల పద్నాలుగు..." సగంలో ఎవరో తుమ్మారు. లెక్క జారిపోయింది. మళ్లీ మొదటి నుంచి. సగంలో మేక అరిచింది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి సగంలో ఆయనకే నవ్వొచ్చింది. ఊరంతా కడుపు పట్టుకుంది.

"యాభై ఆరు తాతా," అంది నూకాలు. "రా, ముట్టుకుని సూడు."

నాయుడు చతికిలబడ్డాడు. ఏడు వరసలు, వరసకి ఎనిమిది పిక్కలు. వేలుతో తడిమాడు. కాస్త పక్కకి జరిగి చూశాడు. ఎనిమిది వరసలు, వరసకి ఏడు.

"ఓలమ్మో! ఇటుంచి సూత్తే ఏడెనిమిదులు, అటుంచి సూత్తే ఎనిమిది ఏడులు! రెండూ ఒకటేనేటి? ఈ రెండూ ఏరేరని ఇన్నాళ్లూ రెండుసార్లు అరిసి సచ్చానే!"

ఇంకేముంది, ఊరంతా నేల మీద కూలబడింది. ఒకరు పిక్కలు పేరుస్తారు, ఒకరు మట్టి పేనుతారు, ఒకరు గోడ కొలుస్తారు. మిట్టమధ్యాహ్నానికి గుమ్మడిపేటలో కుక్క అరుపు తప్ప చప్పుడు లేదు. నీళ్లబిందెతో వచ్చిన ముసలమ్మ, ఊరు ఖాళీ అయిపోయిందనుకుని హడలిపోయింది.

నాయుడు లేచి గవరయ్య మూట తనే విప్పాడు. "నువ్వు యే ఊరూ ఎల్లొద్దు, పంతులుగారూ," అన్నాడు. గవరయ్యకి కళ్లు నిండాయి.

ఆయన ఆ ఊళ్లోనే ముసలివాడయ్యాడు, ఆ ఊళ్లోనే పోయాడు. సాగనంపడానికి డప్పులు తెస్తే, అప్పటికి పండుముసలైపోయిన నాయుడు వద్దన్నాడు. అంత పెద్ద మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, చప్పుడు లేకుండా.

ఇప్పటికీ గుమ్మడిపేటలో పిల్లల్ని బడిలో వేసే రోజున గుప్పెడు చింతపిక్కలు చేతిలో పోస్తారు. పంతులికి ఎంత గొంతున్నా ఆ రోజు గుసగుసలాడాల్సిందే. మన ఇళ్లల్లో పిల్లల సడి లేకపోతే ఏం కొంప ముంచారో అని పరిగెడతామా? అక్కడి తల్లులు పరిగెత్తరు, ఏదో చేత్తో చూస్తున్నారులే అనుకుంటారు. గుంటలేరీ అని ఎవరైనా అడిగితే, నోటి మీద వేలేసుకుని చెబుతారు:

"గవరయ్య కాడున్నారు. పిలవకండి."