చెయ్యి తడవని రోజు

పడవ బేరమాడేనాటికి త్రిమూర్తులు చేతిలో ఉన్నది లక్షా నలభై వేలు. పడవకీ, దాంతో వచ్చిన పాత ఇంజనుకీ లక్షా ముప్పై పోయింది. మిగిలిన పదితో డీజిలు పోయించి, తాడూ గెడా కొనుక్కుని, గోదావరి లంకకీ అవతలి రేవుకీ మధ్య జనాన్ని దాటించడం మొదలెట్టాడు. రోజుకి నాలుగు దాట్లతో మొదలైనవాడు మూడు నెలల్లో ఏడుకి వచ్చాడు.

లెక్కల్లో అతన్ని కొట్టేవాడు లంకలో లేడు. అతని చిక్కల్లా వేరే. లంక చివర ఇసుకలో పాక వేసుకున్న సాధువుని, ఇసుకస్వామిని, గురువుగా పట్టుకున్నాడు. మంత్రం ఇమ్మని మొదటి రోజే అడిగాడు. ఆయన ఇవ్వడం లేదు.

"దాటుకి ఇరవై నిమిషాలు స్వామీ," అని ఒకరోజు నచ్చజెప్పబోయాడు. "చిన్న మంత్రమైతే దాటుకి ఐదొందలసార్లు పడుద్ది. రోజుకి ఏడు దాట్లు. ఏడాది తిరిగేసరికి పన్నెండు లక్షల డెబ్బై ఏడు వేల ఐదొందలు."

స్వామి శ్రద్ధగా విన్నారు.

"వరద రోజులు తీసేశావా?" అని అడిగారు.

త్రిమూర్తులు నాలిక్కరుచుకున్నాడు.

"సరేలే నాయనా. ముందు నన్ను దాటించు."

స్వామి రోజూ పొద్దెక్కాక అవతలి ఊరికి భిక్షకి వెళ్తారు. ఐదిళ్ల ముందు నిలబడతారు. పెట్టింది జోలెలో పట్టుకుని, ఎండ నడినెత్తికి రాకముందే తినేస్తారు. నీడ కాళ్ల కిందికి వచ్చేసిందంటే ఇక మర్నాటిదాకా మెతుకు ముట్టరు.

ఆయనకి ఇంకో అలవాటుంది. ఇంజను చల్లగా ఉండటానికి ఏటి నీళ్లు అడుగునుంచి లోపలికెళ్లి, దాని చుట్టూ తిరిగి, పడవ పక్కనున్న చిన్న గొట్టంలోంచి గోరువెచ్చగా బయటికి చిమ్ముతాయి. స్వామి మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఆ గొట్టం కింద చెయ్యి పెట్టేవారు. తడిచెయ్యి నెత్తిన రాసుకుని అప్పుడు పడవెక్కేవారు. పెద్దాయనకి వెచ్చటి నీళ్లు హాయిగా ఉంటాయి కాబోలని త్రిమూర్తులు అనుకునేవాడు.

ఆ రోజు సంత. అప్పటికే రెండు దాట్లయ్యాయి. మూడోదానికి వంకాయ బుట్టలతో అచ్చాయమ్మ ఒక్కతే ఎక్కి కూర్చుంది. ఇంజను మోగుతోంది. స్వామి గొట్టం కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయారు.

"ఇవాళ చెయ్యి తడవలేదు నాయనా," అన్నారు.

"అవతల ఒడ్డున తడుపుకుందురు గానీ ఎక్కండి స్వామీ. ఇవాళ ఎనిమిది దాట్లు కొట్టాలి."

స్వామి ఎక్కి కూర్చున్నారు.

నడి ఏటిలోకి వచ్చేసరికి రంగు మాడిన వాసన వేసింది. ఇంజను చప్పుడు బరువెక్కింది. ఆయాసపడే మనిషిలా రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది.

త్రిమూర్తులు హ్యాండిలు తగిలించి తిప్పబోయాడు. కదల్లేదు. రెండు కాళ్లూ తన్నిపెట్టి, ఒళ్లంతా దాని మీద వేలాడేశాడు. కొండని తిప్పినట్టుంది.

"ఏంటబ్బాయ్," అంది అచ్చాయమ్మ. "ఎనిమిదన్నావు. రెండున్నరకే తెగిందా లెక్క?"

"నువ్వూరుకో పిన్నీ."

"నేనూరుకుంటే నా వంకాయలు ఊరుకుంటాయా? ఎండకి వడిలిపోతే సంతలో నీ మొహం చూసి కొంటారా ఎవరైనా?"

గెడ వేసి, ప్రవాహానికి కొట్టుకుపోకుండా పడవని దగ్గర్లోని ఇసుక తిప్పకి చేర్చాడు. తాడు కట్టాడు. ఇంజను దగ్గరికి వెళ్తే సెగ మొహాన కొట్టింది. లోపల అంతా బిగుసుకుపోయింది. లక్షా ముప్పై వేలూ అక్కడ కూర్చుని కాలుతున్నాయి. అదిగాక స్వామి నీడ చూశాడు. అప్పటికే పొట్టిగా ఉంది. తన మూలంగా గురువు పస్తుండాలి.

ఇంజను గబగబా చల్లారే దారి ఒక్కటే తోచింది. బకెట్ ఏట్లో ముంచి, నిండా నీళ్లతో పైకి లాగాడు.

స్వామి లేచి వచ్చి చెయ్యి చాపారు. తనే పోస్తారు కాబోలని త్రిమూర్తులు బకెట్ ఇచ్చాడు.

ఆ నీళ్లన్నీ స్వామి అతని నెత్తిన గుమ్మరించారు.

"ఎక్కువ కాలింది ముందు చల్లారాలి," అన్నారు. ఖాళీ బకెట్ పక్కన పెట్టి, వెళ్లి తన చోట కూర్చున్నారు.

అచ్చాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. త్రిమూర్తులు ఇంజను మీదికి వంగి మొహం తుడుచుకున్నాడు. అతని జుట్టులోంచి ఒక చుక్క జారి ఇంజను మీద పడింది. చుయ్యిమంది. పడినచోట తడి కూడా మిగల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇంజను అమ్మినాయన పదేపదే చెప్పిన మాట. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పోస్తే పగులుద్ది, పగిలిందంటే ఇక పాతసామాన్లకే. తనకి తెలిసిన మాటే అది. బకెట్ ముంచేటప్పుడు మాత్రం ఎక్కడికో పోయింది.

వెన్ను వెంట నీళ్లు కారుతుంటే చల్లగా ఉంది. స్వామి పక్కన కూలబడ్డాడు.

"ఎంతసేపు పట్టుద్ది స్వామీ?"

"దాన్నడుగు."

లేచి ఇంజనుకి అరచెయ్యి ఆనించాడు. చురుక్కుమంది, లాగేసుకున్నాడు. కాసేపాగి మళ్లీ పెట్టాడు. మళ్లీ లాగేసుకున్నాడు. తిప్ప మీద కొంగలు తాపీగా నడుస్తున్నాయి. అచ్చాయమ్మ తడిగుడ్డ తీసి వంకాయల మీద కప్పింది.

"మీ భిక్షవేళ దాటిపోతోంది స్వామీ," అన్నాడు, నీడ వంక చూస్తూ.

"నా నీడక్కూడా లెక్క నువ్వే కట్టాలా?"

ఆ మాటంటూనే స్వామి పడవ దిగారు. మోకాలిలోతు నీళ్లలో, వాకిట్లో నిలబడ్డట్టే, జోలె పట్టుకుని అచ్చాయమ్మ ఎదురుగా నిలబడ్డారు. అచ్చాయమ్మ నవ్వు ఆపేసింది. పమిట సర్దుకుని, తన కోసం తెచ్చుకున్న గిన్నె విప్పి, చద్దన్నంలో సగం, ఆవకాయ బద్దతో సహా జోలెలో పెట్టింది. స్వామి రెండడుగులు జరిగి ఇంజను పక్కన నిలబడ్డారు. అది త్రిమూర్తులు గడప. అతను మూట విప్పి, పెళ్లాం కట్టిచ్చిన రొట్టె తీసి రెండు చేతులతోనూ వేశాడు.

"ఇంకా మూడిళ్లు తక్కువ స్వామీ."

"ఇవాళ ఊరు చిన్నది," అన్నారు స్వామి. తిప్ప మీదికెళ్లి, నీడ కాళ్ల కిందికి రాకముందే, ఇష్టంగా తిన్నారు.

మిగిలింది అచ్చాయమ్మా త్రిమూర్తులూ పంచుకున్నారు. ఆవకాయ ఘాటుకి అతని కళ్ల వెంట నీళ్లొచ్చాయి. అచ్చాయమ్మ చేతి ఆవకాయ ఇంత బావుంటుందని ఇన్నాళ్లూ తెలీదు. మూడు నెలల్లో పడవలో కూర్చుని అన్నం తినడం అదే మొదలు.

తిని చెయ్యి కడుక్కుని, మళ్లీ ఇంజనుకి ఆనించాడు. ఈసారి వేడి ఉంది గానీ, పొద్దున్నే నిద్రలేచిన పిల్లాడి ఒంటికున్నంత వేడి. చెయ్యి తియ్యాలనిపించలేదు.

నీళ్లలోకి దిగి పడవ అడుగున తడిమాడు. ఇంజనుకి నీళ్లు వెళ్లే రంధ్రానికి చిన్న జల్లెడ ఉంటుంది. దానికి ప్లాస్టిక్ సంచొకటి అతుక్కుని, దాని చుట్టూ గుర్రపుడెక్క వేళ్లు జడలా అల్లుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీసి ఒడ్డున వేశాడు. స్వామి వాటికేసి చూశారు, అతనికేసి చూశారు.

ఇంజను పైనుంచి కాస్త ఆయిలు పోసి నాననిచ్చాడు. హ్యాండిలు తగిలించాడు. ఈసారి వేలాడలేదు. వెంట్రుకవాసి కదిలింది. కదిలినంతే కదలనిచ్చి వెనక్కి వదిలాడు. మళ్లీ ముందుకి, మళ్లీ వెనక్కి. ఉయ్యాల ఊపినట్టు. అలా ఎన్నిసార్లయిందో అడిగితే చెప్పలేడు. లోపలెక్కడో పట్టు వదిలింది. హ్యాండిలు మెత్తగా ఒక చుట్టు తిరిగింది.

మరి రెండు చుట్లకి ఇంజను దగ్గింది. నల్లటి పొగ ఒకసారి ఊది, పాత గొంతుతో మోగడం మొదలెట్టింది.

"బతికాం," అంది అచ్చాయమ్మ బుట్టలు సర్దుకుంటూ. "ఇంకెన్ని దాట్లబ్బాయ్ ఇవాళ?"

త్రిమూర్తులు తాడు విప్పబోయాడు.

స్వామి తిప్ప దిగి పడవ వైపు వస్తున్నారు. తాడు ముడి మీదున్న అతని చెయ్యి ఆగింది. ముడి అలాగే వదిలేసి, పడవ పక్కకి వెళ్లి, వంగి, గొట్టం కిందికి చెయ్యి చాపాడు.