గుబురయ్య పెరటిచూపులు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. అడవంటే పచ్చగా ఉంటుందనుకునేరు! అది రాళ్లగుట్ట మీది అడవి. శివరాత్రి దాటిందంటే నేల పెనంలా కాలిపోయేది.

ఆ గుట్ట మీది ఎలుగుబంట్లకు ఓ ఆచారం ఉంది. మనకు పెళ్లిచూపులైతే, వాళ్లకు పెరటిచూపులు. నడివేసవిలో ఆడపిల్లవారు వచ్చి అబ్బాయి పెరడు చూస్తారు. ఆ పెరట్లో కాసిందే వండి పెట్టాలి. మెచ్చితేనే పిల్లనిస్తారు.

గుబురయ్య అనే ఎలుగుబంటి నేరేడు అనే పిల్ల మీద మనసు పడ్డాడు. వచ్చే వేసవికి పెరడు చూడ్డానికి వస్తామని నేరేడు వాళ్లమ్మ కబురు పెట్టింది. ఇక మనవాడికి కాలు ఒకచోట నిలవలేదు.

తొలకరి పడగానే పొరుగున ఉండే తాబేలవ్వ అడిగింది. "ఏం నాటుతున్నావురా?"

"అరటి, చేమ, తమలపాకు" అన్నాడు గుబురయ్య. "అరటికాయ వేపుడు, చేమదుంపల పులుసు, ఆపైన తాంబూలం. గుట్ట కింద ఏటొడ్డున ఉండే ఎలుగులవి ఎంత మంచి పెరళ్లో తెలుసా అవ్వా?"

"ఏటొడ్డున ఏరుంది నాయనా. నీకేముంది?"

"నాకు భుజాలున్నాయి."

"మునగకొమ్మ పాతుకో. గోంగూర, అలసందలు చల్లుకో. ఈ నేలకు అవే చుట్టాలు."

"పెళ్లివారికి గోంగూర పెడితే పరువు పోదూ" అని గుబురయ్య వెళ్లిపోయాడు. మనసంతా ఏటొడ్డు పెరళ్ల మీదే. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా మరి.

ఎండలు ముదిరాయి. గుబురయ్య కావడికి రెండు సొరకాయ బుర్రలు కట్టుకుని గుట్ట దిగి ఏటికి వెళ్లేవాడు. అరటికి నీళ్లు పోసేసరికి చేమ వాడేది. చేమకు పోసేసరికి తమలపాకు వేలాడేది. దానికి పోసేసరికి అరటి మళ్లీ నోరు తెరిచేది. తేనె తినడానికి తీరిక లేదు. అంత బొజ్జా కరిగిపోయింది. అయినా పంతం పట్టి అన్నింటినీ బతికించాడు.

పెళ్లివారు వచ్చారు. పెరడు చూసి నేరేడు వాళ్లమ్మ మురిసిపోయింది.

"ఇంత ఎండలో అరటితోటా? గట్టివాడివే బాబూ."

"అంతా మీ దయ అత్తయ్యా."

"అత్తయ్య సంగతి తర్వాత. ముందు వడ్డించు."

వేపుడు వడ్డించాడు. ఇంతలో తమలపాకు తల వాల్చింది. "ఒక్క క్షణం" అని ఏటికి పరుగెత్తాడు. వచ్చి పులుసు పోశాడు. చేమ వాడింది. మళ్లీ పరుగు. చివరికి తాంబూలం ఇద్దామని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయి, ముఖం పులుసు గిన్నెలో పెట్టాడు. నవ్వకండర్రా, పాపం.

నేరేడే తట్టి లేపింది. "ఈ నీళ్లన్నీ ఎవరు మోస్తున్నారు?"

"నేనే. ఒక్కణ్ణే" అన్నాడు గుబురయ్య గర్వంగా, పులుసు తుడుచుకుంటూ.

"మరి పెళ్లయ్యాక?"

"అప్పుడింకేం, ఇద్దరం ఉంటాంగా."

పక్క పెరట్లోంచి వింటున్న తాబేలవ్వ తల లోపలికి లాక్కుంది.

నేరేడు లేచింది. "కాపురానికైతే వస్తాను. కావడి మొయ్యడానికి రాను. పదమ్మా."

వాళ్లు వెళ్లిపోయారు. గుబురయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. ఏటికి వెళ్లడం మానేశాడు. అరటి, చేమ, తమలపాకు వారం తిరక్కుండానే మాడిపోయాయి.

వానలు పడ్డాక తాబేలవ్వ దగ్గరికి వెళ్లి, తల దించుకుని మునగకొమ్మ అడిగాడు. అవ్వ ముందు నోరారా తిట్టింది, తర్వాత గోంగూర విత్తనాలు, అలసందలు కూడా ఇచ్చింది.

మరుసటి వేసవికి గుబురయ్యే కబురు పెట్టాడు, ఇంకొక్కసారి చూసి పొమ్మని. వాళ్లు వచ్చి చూస్తే, మునగచెట్టు నిండా కాయలు. గోంగూర దుబ్బులు దుబ్బులుగా ఉంది. గుబురయ్యకు బొజ్జ కూడా తిరిగొచ్చింది.

"వీటికి నీళ్లెప్పుడు పోశావు?" అని అడిగింది నేరేడు.

గుబురయ్య చాలాసేపు ఆలోచించాడు. "గుర్తు లేదు" అన్నాడు సిగ్గుపడుతూ.

నేరేడు వడ్డించిన విస్తరి ముందు తీరిగ్గా చతికిలబడింది. "అయితే నువ్వూ కూర్చో, కలిసి తిందాం" అంది.

నీతి: నేలను అడిగి మొక్క నాటినవాడికి, నీడన కూర్చుని తినే తీరికా దొరుకుతుంది.